పైలట్‌కు పొలం మీది డ్రోన్ కనబడుతుందా? తూప్రాన్ ఆకాశం గురించి మీకు తెలుసా?

తూప్రాన్ దగ్గర హల్దీ వాగు దాటి కొంత దూరం పోతే రోడ్డు పక్క వరి మళ్లు. ఒడ్డు మీద డ్రమ్ములో కలిపి పెట్టిన మందు, దాని పక్కన పది లీటర్ల ట్యాంకు బిగించిన ఆరు రెక్కల డ్రోన్. రిమోటు పట్టుకున్న పిల్లగాడికి ఇరవై నాలుగేళ్లుంటాయి. పొలం ఆసామి అతనికి తాత వరస. దోమపోటుకు మందు కొడుతుండగా పైన విమానం మోత వినిపించింది. తాత నెత్తి మీది రుమాలు సర్దుకుని పైకి చూశాడు.

"గా విమానం నడిపేటోనికి నీ డ్రోను కనవడ్తదా బిడ్డా?"

"ఏమో తాతా. గాళ్లు గింత కిందికి రారు గద" అన్నాడు పిల్లగాడు, తెర మీంచి కన్ను తీయకుండా.

ఆ పూట నేనూ ఒడ్డు మీదే ఉన్నాను. తాత ప్రశ్న నా వెంట ఇంటికి వచ్చింది. జవాబు వెతుకుతూ పోతే దొరికిన సంగతులు ఇవి.

• తూప్రాన్ మీది ఆకాశం ఖాళీది కాదు. దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఇక్కడికి ఆకాశమార్గాన సుమారు 25 కిలోమీటర్లు. 1971 నుంచి మన వాయుసేన పైలట్లు అక్కడ తయారవుతున్నారు. 2013 నుంచి తొలి పాఠాలు స్విట్జర్లాండ్‌లో తయారైన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానాల మీద. మనం పొద్దున టీ తాగుతూ వినే మోత చాలాసార్లు వాటిదే. 2023 డిసెంబర్ 4 ఉదయం అలాంటి ఒక విమానం తూప్రాన్ మండలం రావెల్లి శివారులో కూలిపోయింది. నేర్పే పైలట్, నేర్చుకునే పైలట్ ఇద్దరూ చనిపోయారు. దానికీ డ్రోన్లకూ ఏ సంబంధమూ లేదు. మన చేలకూ వాళ్ల దారికీ మధ్య ఎంత కొంచెం ఎడం ఉందో మాత్రం ఆ పొద్దు మండలమంతటికీ తెలిసింది.

• పిల్లగాడి మాట సగం నిజం. మందు కొట్టే డ్రోన్ పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది. అంత కిందికి విమానం మామూలుగా రాదు. అయితే ఇంజన్ ఆగితే ఖాళీ చేను చూసుకుని దిగడం ఎలాగో ప్రతి పైలట్‌కూ నేర్పుతారు. అంతకన్నా ముఖ్యం, ఇప్పుడు పొలాల మీద తిరిగేవి మందు డ్రోన్లు మాత్రమే కావు. భూముల కొలతలకు, కరెంటు లైన్ల తనిఖీకి, పెళ్లి వీడియోలకు ఎగిరేవి నూరు మీటర్ల దాకా పోతాయి. రేపు మందుల పెట్టెలు మోసేవి ఊరి నుంచి ఊరికి పోతాయి. తాత అడిగింది వాటి గురించి కూడా అనుకోవాలి.

• విమానాన్ని నేల మీది వాళ్లు కనిపెట్టే దారులు ప్రధానంగా మూడు: రాడార్, రేడియోలో మాట, టవర్ అద్దాల్లోంచి చూసే కన్ను. మామూలు డ్రోన్‌కు ఈ మూడూ పనిచేయవు. ముందు రాడార్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

విమానాశ్రయాల్లో ఎక్కువగా ఆధారపడే రాడార్ వస్తువును వెతకదు, ప్రశ్న అడుగుతుంది. 1030 మెగాహెర్ట్జ్ మీద "నువ్వెవరు, ఎంత ఎత్తులో ఉన్నావు" అని అడిగితే విమానంలోని ట్రాన్స్‌పాండర్ 1090 మీద జవాబిస్తుంది. చిన్న డ్రోన్‌లో ట్రాన్స్‌పాండర్ ఉండదు, కాబట్టి జవాబూ ఉండదు. ఇక నిజంగా వస్తువును వెతికే పాతరకం రాడార్ ఉంది. అది పక్షులను, రోడ్డు మీది లారీలను లెక్కలోంచి తీసేయడానికి మెల్లగా కదిలేవాటిని వడకట్టేస్తుంది. ఆ వడపోతలో డ్రోన్ కూడా పోతుంది.

దీనికి తోడు భూమి గుండ్రంగా ఉంది. 20 మీటర్ల ఎత్తున తిరిగే రాడార్‌కు, 60 మీటర్ల ఎత్తున ఉన్న డ్రోన్ చదునైన నేల మీద కూడా సుమారు 50 కిలోమీటర్లు దాటితే భూమి వంపు వెనక్కి పోతుంది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి తూప్రాన్‌కు ఆకాశమార్గాన 65 కిలోమీటర్లకు పైనే. మధ్యలో గుట్టలు, మేడలు సరేసరి.

• మరి పైలట్ కన్ను? ఈ లెక్క కాగితం మీద వేసి చూశాను, మీరూ వేయవచ్చు. మంచి చూపున్న మనిషికి అరమీటరు వస్తువు 1,700 మీటర్ల దూరంలో ఒక చుక్క. విమానం గంటకు 300 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 83 మీటర్లు. ఎదుట ఏదో ఉందని చూసి, అదేమిటో గుర్తించి, ఢీకొంటామని గ్రహించి, చెయ్యి కదిలి, విమానం తిరిగేదాకా 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ పైలట్లకు చెప్పే లెక్క. ఆ 12.5 సెకన్లలో విమానం కిలోమీటరుకు పైగా దూసుకుపోతుంది. అంటే, ఆ చుక్క కంటికి ఆనే దూరానికి వచ్చాక దాన్ని పట్టుకోవడానికి మిగిలేది సుమారు ఎనిమిది సెకన్లు. అదీ పచ్చని పైరు మీద, ఎదురెండలో, సరిగ్గా అటే చూస్తుంటే.

తాత ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దాదాపుగా కనబడదు.

• ఇద్దరూ ఎత్తు చెప్పినా ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. డ్రోన్ పిల్లగాడికి ఎత్తు అంటే తాను ఎగరేసిన ఒడ్డు నుంచి లెక్క. విమానం పైలట్‌కు ఎత్తు అంటే గాలి పీడనాన్ని బట్టి సముద్రమట్టం నుంచి లెక్క. శంషాబాద్ విమానాశ్రయం నేలే సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తు. అక్కడి మట్టమైన నేల పైన ఎగురుతూ ఒకరు "400 అడుగుల్లో ఉన్నా" అని, ఇంకొకరు "2,424 అడుగుల్లో ఉన్నా" అని చెబితే ఇద్దరూ ఒకేచోట ఉన్నట్టు! పీడనం సర్దుబాటులో 10 హెక్టాపాస్కల్ తేడా వస్తే ఎత్తు లెక్క దాదాపు 280 అడుగులు తప్పుతుంది. డ్రోన్‌కు అనుమతించిన ఎత్తే 400 అడుగులు అయినప్పుడు ఆ తప్పు ఎంత పెద్దదో చూడండి. ఈ రెండు భాషలను కలిపే పని ఇంకా నడుస్తూనే ఉంది.

• ఆకాశానికి రంగులున్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు దేశం మీది ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు జోన్లుగా విడదీశాయి. ఆకుపచ్చలో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం హద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగుల దాకా. పసుపులో ఎగరేయాలంటే అక్కడి ఆకాశాన్ని చూసుకునే ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ విభాగం) అనుమతి కావాలి. అది విమానాశ్రయ సంస్థ కావచ్చు, వాయుసేన కావచ్చు. ఎరుపుకు కేంద్ర ప్రభుత్వమే ఒప్పుకోవాలి. దూరం చూసుకుని మనది ఆకుపచ్చే అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆ రోజు ఆ చోటు రంగు చూసే ఎగరేయాలి. ఇంకో నియమం చాలామందికి గుర్తుండదు: మనిషి ఎక్కిన విమానానికే ఎప్పుడూ మొదటి దారి. తప్పుకోవలసింది డ్రోనే.

• అయితే విమానాలూ డ్రోన్లూ కలిసి ఎగరడాన్ని ఎక్కడ నేర్చుకోవాలి? నిజమైన ఆకాశంలో తప్పు చేసి నేర్చుకోలేం. అందుకే కంప్యూటర్‌లో ఒక ఆకాశాన్ని కడతారు. దాన్నే సిమ్యులేషన్ అంటున్నాం. అందులో ఢీకొంటే ఎవరూ చావరు, తెర మీద రెండు చుక్కలు కలుస్తాయి, అంతే. మళ్లీ మొదలుపెడతారు.

ఇందులో రెండు తీర్లున్నాయి. ఒకదాంట్లో మనుషులుండరు. రోజంతటి ఆకాశాన్ని కంప్యూటర్ నిమిషాల్లో నడిపేస్తుంది. గాలి మార్చి, వేళ మార్చి, డ్రోన్ల లెక్క పెంచి వేలసార్లు, లక్షలసార్లు నడిపి ఎన్నిసార్లు ప్రమాదం అంచుకు వచ్చిందో లెక్కగడతారు. అమెరికాలో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీ వాళ్లు రాడార్లలో నమోదైన నిజమైన విమానాల కదలికల నుంచి ఇలాంటి ఎదురుపడే సందర్భాలను తయారు చేశారు. విమానాలు ఢీకొనకుండా హెచ్చరించే పరికరాలను వాటితోనే పరీక్షిస్తారు.

రెండో తీరులో విమానాలకు దారి చెప్పే నిజమైన కంట్రోలర్ కూర్చుంటారు. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించింది ఇదే.

• "సూడో పైలట్" అనే ఉద్యోగం గురించి విన్నారా? సిమ్యులేటర్ గదిలో కంట్రోలర్ హెడ్‌ఫోన్ పెట్టుకుని తెర ముందు కూర్చుంటారు. పక్క గదిలో ఇంకొందరుంటారు. వాళ్ల ముందు విమానం లేదు, కీబోర్డు ఉంది. కంట్రోలర్ "ఎడమకు తిరుగు, నాలుగు వేల అడుగులకు దిగు" అంటే వాళ్లు పైలట్ గొంతుతో ఆ మాటే తిరిగి అప్పజెప్పి, ఆ ఆదేశాన్ని టైపు చేస్తారు. తెర మీద చుక్క తిరుగుతుంది. ఒక్కరే నాలుగైదు విమానాలకు గొంతు ఇస్తారు. మధ్య మధ్య కంట్రోలర్‌ను ఒక మీట నొక్కమంటారు. పని తేలికగా ఉంటే 1, మోయలేనంత ఉంటే 5. ఏ క్షణంలో 3 కాస్తా 5 అయిందో చూస్తే, అక్కడ ఏం జరిగిందో వెనక్కి వెళ్లి వెతకవచ్చు.

ఇప్పుడు ఇందులోకి డ్రోన్లను తెచ్చి పెట్టండి. డ్రోన్ మాట్లాడదు. "ఎడమకు తిరుగు" అంటే వినదు. నూరు డ్రోన్లు ఎగురుతుంటే నూరుగురితో రేడియోలో మాట్లాడటం ఏ కంట్రోలర్‌కూ అయ్యే పని కాదు. అందుకే డ్రోన్లకు వేరే ఏర్పాటు కావాలన్న ఆలోచన వచ్చింది. కంప్యూటర్లే ఒకదానికొకటి సమాచారం ఇచ్చుకోవాలి, అవసరమైనప్పుడే కంట్రోలర్ తెర మీదికి రావాలి. మన దేశం దీనికోసం 2021 అక్టోబర్‌లో డ్రోన్ల రాకపోకల నిర్వహణ (యూటీఎం) విధాన పత్రాన్ని విడుదల చేసింది.

• సిమ్యులేషన్‌లో కావాలనే తెంపే తాడు ఒకటుంది. రిమోటుకూ డ్రోన్‌కూ మధ్య ఉన్న సంకేతాన్ని హఠాత్తుగా ఆపేస్తారు. సంకేతం తెగితే చాలా డ్రోన్లు ముందే పెట్టిన ఎత్తుకు లేచి, ఎగిరిన చోటికి సూటిగా తిరిగి వస్తాయి. యజమానికి అది మంచిదే, డ్రోన్ పోకుండా ఇల్లు చేరుతుంది. ఆకాశాన్ని చూసేవాళ్లకు మాత్రం అది ఎవరూ చెప్పని దారిలో, ఎవరూ చెప్పని ఎత్తులో ఒక వస్తువు. పది డ్రోన్లకు ఒకేసారి తెగితే? ఒకటి తిరిగి వస్తుండగా హెలికాప్టర్ దిగుతుంటే? ఇలాంటివన్నీ తెర మీద చూసుకోవలసినవే.

• ఒకే తెర మీద ఉన్న విమానాన్నీ లేని విమానాన్నీ కలపడం సాధ్యమే. నాసా వాళ్లు కొన్నేళ్లపాటు ఈ పని చేశారు. నిజమైన పెద్ద డ్రోన్ ఒకటి ఎడారి మీద ఎగురుతుంటుంది. దాన్ని నడిపేవారి తెర మీద కంప్యూటర్ పుట్టించిన విమానాలు ఎదురొస్తుంటాయి. తప్పించుకోవడం నిజం, ప్రమాదం మాత్రం అబద్ధం. ఈ కసరత్తు తరవాతే 2018 జూన్ 12న ఇఖానా అనే డ్రోన్, వెంట కాపలా విమానం లేకుండా, కాలిఫోర్నియాలో మామూలు విమానాలు తిరిగే ఆకాశంలోకి వెళ్లి వచ్చింది. చిన్న డ్రోన్ల కోసం అదే సంస్థ 2015లో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా నాలుగు దశల పరీక్షలు చేసింది. మొదట జనం లేని చేల మీద, చివరికి 2019లో రీనో, కార్పస్ క్రిస్టీ నగరాల్లో. ఊరి మీదికి రావడానికి నాలుగేళ్లు ఆగారు. ఆ ఓపిక నాకు నచ్చింది.

• నగరం మీద వేల వాహనాలు ఎగిరితే వాటిని ఎలా నడపాలి? ఐరోపాలో మెట్రోపోలిస్ అనే పరిశోధనలో నాలుగు పద్ధతులను సిమ్యులేషన్‌లో పోటీకి పెట్టారు: ఎవరి దారి వారిదే అని వదిలేయడం, దిశను బట్టి అంతస్తులుగా విడదీయడం, మండలాలుగా కోయడం, గొట్టాల్లాంటి దారులు గీసి అందులోనే పొమ్మనడం. గట్టి కట్టుబాటున్న గొట్టాలే గెలుస్తాయని అనిపిస్తుంది కదా? మొత్తం మీద మెరుగ్గా తేలింది అంతస్తుల పద్ధతి. ఒకే అంతస్తులో అందరూ దాదాపు ఒకే దిక్కుకు పోతుంటారు, కాబట్టి ఎదురెదురు పడటం తక్కువ. పెద్ద విమానాలు ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదీ ఇలాంటిదే. తూర్పు వైపు పోయేవాటికి బేసి అంకె ఎత్తులు, పడమర పోయేవాటికి సరి అంకెవి.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన బ్లూస్కై అనే ఏటీసీ సిమ్యులేటర్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పైథాన్ తెలిసిన ఇంజనీరింగ్ విద్యార్థి ఎవరైనా ల్యాప్‌టాప్‌లో నడపవచ్చు. దుండిగల్, హకీంపేట, శంషాబాద్, వాటి మధ్య మన మండలాలు పెట్టి, నాట్ల కాలంలో ఒక పొద్దున ఎన్ని డ్రోన్లు లేస్తాయో ఊహించి నడిపి చూడండి. మన పిల్లలు ప్రాజెక్టు కోసం ఎక్కడెక్కడో వెతుకుతుంటారు. ఇంతకన్నా మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

• ఇలాంటి పనికి కావలసిన పెద్ద చోట్లు రెండు మనకు దగ్గరలోనే ఉన్నాయి. బేగంపేట పాత విమానాశ్రయంలో విమానాశ్రయ సంస్థ కట్టిన పౌర విమానయాన పరిశోధన సంస్థ, కారో. 350 కోట్లకు పైగా ఖర్చుతో కట్టిన దీన్ని 2024 మార్చి 5న ప్రధాని సంగారెడ్డి సభ నుంచి జాతికి అంకితం చేశారు. విమాన రాకపోకల నియంత్రణ మీద సిమ్యులేషన్ ప్రయోగశాలలు అందులో ఉన్నాయి. రెండోది కంది దగ్గరి ఐఐటీ హైదరాబాద్‌లో టిహాన్. 130 కోట్లతో కట్టిన దాని పరీక్షా క్షేత్రం 2022 జులై 4న మొదలైంది. మనిషి లేకుండా నడిచే బండ్లకూ డ్రోన్లకూ అక్కడ పరీక్షలు చేస్తారు. కంది మన పాత మెదక్ జిల్లాలోనిదే.

• డ్రోన్లతో మందులు పంపడం తెలంగాణకు కొత్త కాదు. 2021 సెప్టెంబర్ 11న వికారాబాద్‌లో "మెడిసిన్ ఫ్రమ్ ద స్కై" మొదలైంది. టీకాలు, మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు గాలిలో పోయాయి. 2024 అక్టోబర్ 29న బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లలో డ్రోన్ సేవలు ప్రారంభమయ్యాయి.

అయితే అసలు పరీక్ష 2024 సెప్టెంబర్ మొదట్లో విజయవాడలో ఎదురైంది. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మిద్దెల మీద నిలబడ్డ జనానికి హెలికాప్టర్లు తిండి పొట్లాలు జారవిడిచాయి, డ్రోన్లూ అదే పని చేశాయి. హెలికాప్టర్ తిరిగేది కూడా డ్రోన్ తిరిగే అంతస్తులోనే. హెలికాప్టర్ రెక్కల కింది గాలి ఎంత బలంగా ఉంటుందో దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుసు. చిన్న డ్రోన్ దానికి ఆగదు. వరద రోజున కూర్చుని ఎవరు ఏ ఎత్తో, ఏ వీధో మాట్లాడుకునే తీరిక ఉండదు. అది వానాకాలానికి ముందే, ఏదో ఒక గదిలో, తెర మీద, అందరూ కలిసి నడిపి చూసుకోవలసిన పని.

• రెండు దారులు కలిసేచోట ఉండే ముప్పు గురించి తూప్రాన్ వాళ్లకు వేరే ఎవరో చెప్పాలా? 2014 జులై 24న మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటులో తూప్రాన్ బడి బస్సును రైలు ఢీకొట్టింది. పసిపిల్లలు పోయారు. ఆ దారిన పోయినప్పుడల్లా నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. రెండు దారులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి, ఒక దారినపోయేవారి సంగతి రెండో దారికి తెలియదు. ఆ తరవాత దేశంలో బ్రాడ్‌గేజ్ మీది కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి కల్లా తీసేశారు. నేల మీది గేటుకైతే ఒక చోటు ఉంటుంది, అక్కడ కాపలా పెట్టవచ్చు, వంతెన కట్టవచ్చు. ఆకాశంలో రెండు దారులు ఎక్కడ కోసుకుంటాయో ముందుగా చెప్పగలిగేది ఆ తెర మీది ఆకాశం ఒక్కటే. అందులో కంట్రోలర్లతో పాటు మందు కొట్టే మన పిల్లగాళ్లను కూడా కూర్చోబెట్టాలని నా కోరిక. నాలుగు చినుకులు పడితే, బ్యాటరీ తగ్గితే, ఆసామి తొందర పెడితే డ్రోన్ నడిపేవాడు ఏం చేస్తాడో ప్రయోగశాలలోని వాళ్లకు తెలియదు. వీళ్లకు తెలుసు.

ఈ సంగతులన్నీ మోసుకుని పది రోజుల తరవాత అదే ఒడ్డు మీదికి పోయాను. తాతకు లెక్కలేవీ చెప్పలేదు. "కనవడది తాతా" అన్నాను, అంతే. తాత పిల్లగాడి వైపు చూశాడు. "గట్లయితె మనమే సూడాలె" అన్నాడు.

ఆ రోజు సగం మడి అయ్యాక దక్షిణం నుంచి మోత వినిపించింది. పిల్లగాడు రిమోటు మీది పుల్లను మెల్లగా కిందికి లాగాడు. డ్రోన్ ఒడ్డు మీద కూర్చుంది, రెక్కలు ఆగాయి. విమానం గుట్ట దాటేదాకా తాత నొసలుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉన్నాడు. పిల్లగాడు ఆలోపు బ్యాటరీ మార్చుకున్నాడు.